పొడుగు పూలకు ఊత: పర్లాకిమిడి పెరటి డైరీ

ఆషాఢం, అమావాస్య దగ్గర పడుతోంది

ఈసారి పొడుగ్గా ఎదిగే పూలమొక్కలన్నిటినీ ఒకే మడిలో పెడుతున్నాను. పెరట్లో పడమటి ప్రహరీ వారన ఇరవై అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మడి. ముద్దబంతి, చేమంతి, కాస్మోస్, గ్లాడియోలస్, డేలియా, పొద్దుతిరుగుడు. లిల్లీ దుంపలు అందులో పాతకాపే. హోలీహాక్ విత్తనం దసరా వెళ్లాక. అన్నీ నడుమెత్తు నుంచి మనిషెత్తు దాకా పోయే రకాలు. ఒక్క గట్టి వాన పడితే బురదలో పొర్లే రకాలు కూడా. మాఘం దాకా వీటిని నిలబెట్టడమే పని.

మా ఊరు తెలియనివాళ్ల కోసం: పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. పొలిమేర దాటితే ఆంధ్రాలో పాతపట్నం. ఒక పక్క కొండలు, అటు మహేంద్రగిరి, ఇటు సముద్రం మరీ దూరం కాదు. అక్టోబరు వచ్చిందంటే అందరి చెవులూ తుఫాను కబురు మీదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఇటే వచ్చింది. జిల్లా అతలాకుతలమైపోయింది. కొబ్బరిచెట్లు కూలిన చోట బంతి మొక్క సంగతి ఎవరికి కావాలి? కానీ ఏటా తిత్లీ రాదు. ఏటా వచ్చేవి వాయుగుండాలు, ఈదురుగాలులు, రెండ్రోజుల ముసురు. నా పని వాటితోనే.

కర్ర పాతే ముందు మొక్క ఎలా పడుతుందో చూసుకోవాలి. ఒకటి, మొదలంటా ఒరిగిపోవడం: కాండం బాగానే ఉంటుంది, నేల నాని వేళ్లకి పట్టు వదిలేస్తుంది. రెండోది, కాండం మధ్యలో వంగడమో విరగడమో. బంతి ఎక్కువగా మొదటి పద్ధతిలో పడుతుంది. డేలియా రెండో పద్ధతిలో, ఎందుకంటే దాని కాడ లోపల బోలు. గ్లాడియోలస్ రెండు రకాలుగానూ పడుతుంది, దాని ఇష్టం. ఒరిగేదానికి మందు మట్టిలో ఉంది, విరిగేదానికి మందు కర్రలో ఉంది. ఈ తేడా చూడకుండా అన్నిటికీ తలో కర్రా పాతేస్తే సగం కర్రలు దండగ.

లెక్క కూడా చిన్నదే. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. అదే పువ్వు రెట్టింపు ఎత్తులో ఉంటే మొదలు మీద పడే వంపు బలం కూడా రెట్టింపు. దానికి తోడు ముద్దపువ్వు రేకుల మధ్య వాన నీళ్లు పట్టుకుంటుంది. అంచేత గాలీవానా కలిసొచ్చిన రోజే మొక్క పడుతుంది, ఒట్టి గాలికి అంతగా పడదు.

ఇవాళ చేసింది గోడకి సున్నం. తూర్పు నుంచే వెలుగొస్తే మొక్కలన్నీ తూర్పుకి వాలతాయి. గోడ తెల్లగా ఉంటే అటునుంచి కూడా కాస్త వెలుగు తిరిగి పడుతుంది. మొదటి వరసని గోడకి అడుగున్నర ఎడంగా గీశాను. గట్టి గోడకి కొట్టిన గాలి అక్కడే సుడి తిరుగుతుంది, గోడ పక్కన ఉంటే రక్షణ అనుకుంటాం గానీ అన్నివేళలా కాదు.

శ్రావణం, మొదటి వారం

మేడమీద ట్రేల్లో బంతి నారు, కాస్మోస్ నారు లేచాయి. పొద్దున్నే చీపురుపుల్లల కట్ట అడ్డంగా పట్టుకుని నారు తలల మీంచి అటూ ఇటూ మెల్లగా పోనిస్తున్నాను.

"ఏటమ్మా, నారుకి జోల పాడతన్నావేటి?" అంది మా అత్తయ్య.

జోల కాదు, నిద్ర పట్టకుండా చేయడమే. మొక్కని రోజూ కాస్త కదిలిస్తుంటే అది పొడుగు తగ్గించుకుని కాండం లావు చేసుకుంటుంది. గాలికి ఎదిగిన చెట్టు పొట్టిగా, దిట్టంగా ఉండేది అందుకే. ఈ గుణానికి జాఫ్ఫీ అనే శాస్త్రవేత్త 1973లో థిగ్మోమార్ఫోజెనిసిస్ అని పేరు పెట్టాడు. పేరు పలకడం కష్టం గానీ పని చీపురుపుల్లతో అయిపోతుంది. ఆకులు తడిగా ఉన్నప్పుడు మాత్రం చేయకూడదు, తెగుళ్లు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయి.

ఈ సంగతి ఊతకర్రల విషయంలో కూడా గుర్తుంచుకోవాలి. మొక్కని కర్రకి బిగించి కట్టేస్తే అది కదలదు, కదలకపోతే కాండం గట్టిపడదు, చివరికి కర్ర తీసేస్తే తనంతట తాను నిలబడలేదు. కాబట్టి మొక్క ఊగాలి. ఊగి పడిపోకూడదు. ఈ మడిలో నేను చేయబోయేదంతా ఈ ఒక్క కొలత చుట్టూనే.

శ్రావణం, రెండో శుక్రవారం వెళ్లాక

మడి తవ్వించాం. మాది ఎర్రమట్టి, నీరు ఇంకిపోతుంది, ఆరితే గట్టిపడుతుంది. బాగా మగ్గిన గెత్తం, అంటే పెంట ఎరువు, కలిపించాను. పారకి వచ్చిన మనిషి యూరియా కూడా ఒక గుప్పెడు కొట్టమన్నాడు. వద్దన్నాను. వరి చేలో అందరికీ తెలిసిన విషయమే ఇది. నత్రజని ఎక్కువైతే చేను నల్లగా నిగనిగలాడి, పాలు పోసుకునే వేళకి పడుకుంటుంది. 1966లో ఐఆర్ 8 వచ్చి పొట్టి వరి రకాలకి దారి తీసింది ఈ బాధ తప్పించడానికే. మా చుట్టుపక్కల చేలల్లో ఇప్పటికీ కనిపించే స్వర్ణ కూడా, అదే మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్ల ఎంటీయూ 7029, ఆ పొట్టి వరసలోదే. పూలమొక్కల్లో కూడా పొట్టి రకాలున్నాయి, అవి పెట్టుకుంటే ఈ డైరీయే అక్కర్లేదు. కానీ నాకు పొడుగువే కావాలి. పొడుగు రకం పెట్టి యూరియా వేస్తే కర్రలు పాతే పని రెట్టింపు చేసుకున్నట్టే.

కాస్మోస్ అయితే మరీను. బలం ఉన్న నేలలో ఏపుగా ఆకే వేసి, పూత మానేసి, మీద పడిపోతుంది. దాని వాటా మడిలో గెత్తం కూడా వేయలేదు.

బంతి నారు నాటేటప్పుడు కింది రెండు జతల ఆకులు గిల్లేసి, కాండం ఆ మేరకి మట్టిలోకి పోయేలా లోతుగా పెట్టాను. బంతి కాండానికి మట్టి తగిలితే వేళ్లు దిగుతాయి. పడిపోయిన బంతి మొక్క నేలకి ఆనినచోట తెల్లగా మొటిమలు లేచి వేళ్లు రావడం చూసే ఉంటారు. ఆ గుణాన్నే ముందుగా వాడుకోవడం అన్నమాట. మొక్కకీ మొక్కకీ అడుగున్నర. ఇరుకైతే ఒకదాని నీడ తప్పించుకోవడానికి ఇంకొకటి సన్నగా పైకి పోతుంది.

శ్రావణం, చివర

తలలు తుంచే రోజులు. చేమంతికి, బంతికి ఐదారు ఆకులు వచ్చాక కొన చిగురు గిల్లేస్తే పక్క కొమ్మలు వస్తాయి, మొక్క గుబురవుతుంది, బరువు ఒక్క కాడ మీద కాకుండా పంచుకుంటుంది. కొన మొగ్గ నుంచి కిందకి దిగే ఆక్సిన్ అనే హార్మోను పక్క మొగ్గల్ని అణిచి ఉంచుతుంది. కొన పోతే ఆ అణచివేత పోతుంది.

అత్తయ్యకి ఇది అస్సలు నచ్చదు. "ఎదిగే మొక్క తల తుంచీసినావు, పాపం కాదేటి?" అంటుంది. బంతి పూత పది పదిహేను రోజులు వెనకబడుతుందన్నది కూడా నిజమే. అంచేత రాజీ కుదిరింది: దసరా గుమ్మాలకి కావలసిన ముందువరస బంతిని తుంచలేదు, దానికి ఊత నేను చూసుకుంటాను. వెనక వరస తుంచాను, అది దీపావళి నుంచి పూస్తుంది.

చేమంతిని ఇంకోసారి తుంచి ఆపేస్తాను. భాద్రపదం దాటాక దాని జోలికి వెళ్లకూడదు, మొగ్గ కట్టే కాలం. గ్లాడియోలస్, లిల్లీ, ఒంటిపువ్వు పొద్దుతిరుగుడు, హోలీహాక్, వీటి తల ఎప్పుడూ ముట్టుకోకూడదు. వాటికి ఉన్నదే ఒక్క గెల.

భాద్రపదం, చవితి పందిళ్లు విప్పాక

వెదురు కొన్నాం. సంతకి కొండల మీంచి సవర వాళ్లు తెస్తారు. నాకు కావలసింది బొటనవేలంత లావు సన్నవెదురు, ఆరడుగుల ముక్కలు. ఇంకా ఫ్రేముకి కాస్త లావువి. ఒకాయన కట్ట విప్పి చూపించాడు.

"లేతవి కాదు కదా బాబూ?"

"గోరు గుచ్చి చూడమ్మా. దిగితే డబ్బులొద్దు."

దిగలేదు. లేత వెదురు పచ్చగా, మీద తెల్లటి బూడిద పట్టి ఉంటుంది, ఆరితే ముడుచుకుపోతుంది, పురుగు పడుతుంది. ముదురుది రంగు తిరిగి, అక్కడక్కడ మచ్చలు కనిపిస్తాయి. ఇంటికి తెచ్చి నీళ్ల తొట్టిలో ముంచి పైన రాళ్లు పెట్టాను. వాసాలకి వాడే వెదుర్ని చెరువులో నానేయడం మన పాత పద్ధతే. వెదుర్లో ఉండే పిండిపదార్థం నీళ్లలోకి దిగిపోతే పురుగుకి తిండి ఉండదు. తొట్టి నీళ్లు మాత్రం కంపు కొడతాయి. ఇంట్లో వాళ్ల సణుగుడికి సిద్ధపడాలి.

ఆరబెట్టాక రెండు పనులు. మట్టిలోకి దిగే కొసకి అడుగున్నర మేర తారు పూయడం, చెదలకి, కుళ్లుకి. ఇక పై కొసని సరిగ్గా కణుపు మీద కోయడం. రెండు కణుపుల మధ్య కోస్తే పైన గొట్టంలా నోరు తెరుచుకుని వాన నీళ్లు నిలుస్తాయి, అందులో దోమలు గుడ్లు పెడతాయి. పూలు చూసుకుందామని డెంగ్యూ తెచ్చుకోవడం దేనికి? కణుపు మీద కోస్తే కొస మూసుకునే ఉంటుంది. పొట్టి కర్రల కొసలకి పాత మందు సీసాల మూతలు తొడిగాను. వంగి కలుపు తీసేటప్పుడు కళ్లలో గుచ్చుకోకుండా.

తాడు విషయంలో నాకు పట్టుదల ఉంది. ప్లాస్టిక్ సుతిలి, బైండింగ్ వైరు రెండూ వద్దు. గాలికి ఊగినప్పుడల్లా కాండం తోలు కోస్తాయి. మనకి శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగునార దొరకడం అదృష్టం. వెడల్పు పేటగా తీసుకుని కడితే కాడకి మెత్తగా ఆనుతుంది, ఒక పంటకాలం నిలుస్తుంది, చివరికి మొక్కతో పాటే గెత్తం గోతిలోకి పోతుంది. డేలియాకి మాత్రం పాత నూలుచీర అంచు పేలికలు.

ఆశ్వయుజం, పాడ్యమి ముందు రోజులు

గ్లాడియోలస్ దుంపలు, చేమంతి ఉన్న భాగానికి వల కట్టాను. కోతపూలు పెంచే రైతులు చేమంతికి, కార్నేషన్‌కి ఆరంగుళాల గళ్ల వల అడ్డంగా పరుస్తారు, మొక్కలు గళ్లలోంచి పైకి వస్తాయి. ఆ వల ఇక్కడ చిల్లరగా దొరకదు, రోలు మొత్తం కొనాలి. చేత్తో అల్లేశాను.

నాలుగు మూలలా నాలుగు గుంజలు, నడుమ రెండు. ఒక్కొక్కటి అడుగున్నర లోతు. నేలకి అడుగు ఎత్తున చుట్టూ వెదురు బద్దలు అడ్డంగా కట్టి దండె చేశాను. బద్దలకి ఆరేసి అంగుళాలకి సుద్దముక్కతో గీత. గీత దగ్గర గోగునార ఒక చుట్టు చుట్టి, ఎదుటి బద్దకి లాగి, మళ్లీ చుట్టి, పక్క గీతకి. పొడుగు వరసలు అయ్యాక అడ్డ వరసలు, ప్రతి కూడలిలో పైనుంచొకటి కిందనుంచొకటి పోనివ్వాలి. తాడు మరీ లాగకూడదు, వానకి నార బిగుసుకుని బద్ద వంగిపోతుంది. వేలితో నొక్కితే అరంగుళం దిగేంత వదులు చాలు. మొక్కలు జానెడు ఉన్నప్పుడే ఇది కట్టేయాలి. ఎదిగాక కట్టబోతే ఒక్కో కొమ్మనీ గడిలోకి దూర్చాలి, సగం విరుగుతాయి.

అత్తయ్య గడపలోంచి చూసి, "పందిరేసీసినావు, పెళ్లెవరికమ్మా?" అని అడిగి జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

గ్లాడియోలస్ దుంపని నాలుగు నుంచి ఆరంగుళాల లోతున పెట్టాలి. పైపైన పెడితే మొక్క తొందరగా వస్తుంది, పూత రాగానే దుంపతో సహా పక్కకి వాలుతుంది. నాలుగాకులు వచ్చాక మట్టి ఎగదోయాలి, గెల కనిపించేటప్పుడు ఇంకోసారి. మట్టి ఎగదోయడం కర్ర కంటే పాత ఊత. చెరకుకి చేస్తారు, మొక్కజొన్నకి చేస్తారు, పూలకి ఎందుకో మర్చిపోతారు.

లిల్లీకి వల అక్కర్లేదు. వరస చివర్లకి చెరో గుంజ, రెండు పక్కలా నడుమెత్తున రెండు తాళ్లు. మధ్యలో మొక్కలు. అయిపోయింది.

ఆశ్వయుజం, దసరా వెళ్లిన వారం

టీవీలో వాయుగుండం. తుఫానుగా మారొచ్చు, మారకపోవచ్చు అంటున్నారు. టెన్షన్ ఎలాగూ తప్పదు కాబట్టి చేయగలిగింది చేశాం.

నీళ్లు పెట్టడం ఆపేశాం, నేల ఎంత పొడిగా ఉంటే అంత మేలు. విచ్చిన బంతిపూలన్నీ కోసేశాను, విచ్చబోయేవి కూడా. తల బరువు తగ్గించడం కంటే పెద్ద ఊత లేదు. మడి చివర్లలో కాలవలు తీసి నీరు నిలవకుండా దారి చేశాం. ముందువరస బంతికి రెండు పక్కలా తాళ్లున్నాయి కాబట్టి ఇంకో తాడు పైన చేర్చాను.

ఒక పక్కనే కర్ర పాతి ఊరుకుంటే మామూలు గాలికి సరిపోతుంది, అది కూడా గాలి వచ్చే వైపు పాతితే. మొక్క కర్రకి కొట్టుకోకుండా అవతలికి వాలుతుంది. తుఫాను గాలికి ఆ లెక్క పనిచేయదు. అది తిరుగుతూ వచ్చే గాలి. కేంద్రం జరిగేకొద్దీ మన దగ్గర గాలి వచ్చే దిక్కు మారిపోతుంది. పొద్దున్న ఒకవైపు నుంచి తోసింది, సాయంత్రానికి ఇంకోవైపు నుంచి తోస్తుంది. కాబట్టి నాలుగు వైపులా చుట్టు ఉండాల్సిందే.

మర్నాటి రాత్రి వచ్చింది. తుఫాను కాలేదు గానీ రాత్రంతా వాన, తెల్లవారుజామున గాలి. పొద్దున్న వెలుగు రాగానే పెరట్లోకి వెళ్లాను.

వల కింద చేమంతి ఒక్క కొమ్మ పోలేదు. లిల్లీ తాళ్ల మధ్య నుంచి రెండు గెలలు విరిగి వేలాడుతున్నాయి. ముందువరస బంతి తాడుకి ఆనుకుని పది మొక్కలూ ఒకేసారి ఒక పక్కకి వాలాయి, గుంజే వంగింది మరి. కాస్మోస్ కథ వేరు. దానికి నేను కర్రలు పాతలేదు, తుంచిన మొక్కలు కదా, గుబురుగా ఒకదానికొకటి ఆనుకుంటాయిలే అని వదిలేశాను. గుబురులో సగం నిలిచింది, గాలికి ఎదురుగా ఉన్న అంచు చాపలా పడుకుంది.

పడినవాటిని ఆ పూటే లేపాలి. ఇది చాలామంది "ఎండ రానీ, నేల ఆరనీ" అని వాయిదా వేసే పని. పడుకున్న కాండం కొన గంటల్లోనే పైకి తిరగడం మొదలుపెడుతుంది. మర్నాటికి కొన నిటారుగా, కాండం నేలమీద, మధ్యలో మోచేయిలాంటి వంపు. అప్పుడు లేపి కర్రకి కడితే కొన పక్కచూపు చూస్తుంది, మళ్లీ తిరగడానికి ఇంకో వంపు. గ్లాడియోలస్ ఇందులో మరీ సున్నితం, కోసిన గెలని కూడా అడ్డంగా పడుకోబెడితే కొన పైకి వంగిపోతుంది. అందుకే పూలకొట్టు వాళ్లు దాన్ని నిలబెట్టే ఉంచుతారు.

లేపే పద్ధతి: కాండం పట్టుకుని లాగకూడదు, వేళ్లు తెగుతాయి. మొదట్లో అరచేయి పెట్టి మట్టితో సహా ఎత్తి, రెండో చేత్తో పొడి మట్టి కూరి, మడమతో మెల్లగా తొక్కాలి. పూర్తి నిటారుగా రాకపోతే వచ్చినంత మేరకి ఆపి కట్టేయాలి. నాలుగైదు కాస్మోస్ మొక్కలు రెండు రోజుల తర్వాత ఆకుల కింద కనిపించాయి. అప్పటికే తిరిగేశాయి. వాటిని అలాగే వదిలేశాను, పడుకున్న కాండం పొడుగునా పక్కకొమ్మలు లేస్తున్నాయి. అదో అందం అనుకుంటే సరి.

కార్తీకం

డేలియా వచ్చింది, కడియం నర్సరీ నుంచి తెప్పించుకున్న అంటు మొక్కలు. దీనికి ముందు కర్ర, తర్వాత మొక్క. కర్ర పాతి, దాని మొదట్లో రెండంగుళాల ఎడంగా మొక్కని పెట్టాలి. కింద దుంపలు ఊరాక కర్ర దిగ్గొడితే ఏ దుంపకి గుచ్చుకుంటుందో తెలియదు, ఆ గాయం నుంచి కుళ్లు. చూడ్డానికి తమాషాగా ఉంది, జానెడు మొక్క పక్కన ఐదడుగుల కర్ర. వీధిలో వెళ్లేవాళ్లు కర్రకి దండం పెట్టినా పెడతారు.

ముడి ఇలా: పేలికని ముందు కర్రకి బిగువుగా రెండు చుట్లు చుట్టి ఒక ముడి వేయాలి, జారకుండా. తర్వాత రెండు కొసల్నీ కర్రకీ కాడకీ మధ్య ఒకసారి అటుదిటు దాటించి, కాడ చుట్టూ తెచ్చి వదులుగా ముడి. పైనుంచి చూస్తే 8 అంకెలా ఉంటుంది. మధ్యలో దాటిన పేలికే కాడకీ కర్రకీ మెత్త. కాడ చుట్టు లోపల చిటికెనవేలు తిరగాలి. ఆకు కణుపు కిందే కట్టాలి, లేకపోతే ముడి పైకి కిందకి జారుతూ తోలు ఒరుస్తుంది. ప్రతి అడుగు ఎత్తుకీ ఒక ముడి, పాత ముళ్లు లావెక్కిన కాడని నొక్కుతున్నాయేమో చూస్తూ వదులు చేసుకోవాలి.

డేలియా మెక్సికో మొక్క, 1963లో ఆ దేశం దీన్ని జాతీయ పుష్పం చేసుకుంది. కూర్చుని లెక్క చూస్తే బంతి, కాస్మోస్, మనం పెళ్లిదండల్లో గుచ్చే లిల్లీ, అన్నీ అక్కడివే. నా మడిలో సగం మెక్సికో. బంతిపువ్వు లేని తెలుగు గుమ్మాన్ని ఊహించుకోలేం గానీ, కొన్ని వందల ఏళ్ల కింద మన గుమ్మాలకి దేన్ని కట్టేవాళ్లో!

చేమంతిలో ఒక వింత. గోడ దక్షిణపు కొసన ఉన్న నాలుగు మొక్కలు మిగతావాటికంటే జానెడు ఎక్కువ ఎదిగి, మొగ్గ లేకుండా ఊగుతున్నాయి. మొదట ఎరువు తేడా అనుకున్నాను. రాత్రి బయటికి వెళ్తే తెలిసింది: వీధి దీపం సరిగ్గా ఆ మూల మీదే పడుతోంది. చేమంతికి పొడుగు రాత్రి కావాలి. రాత్రంతా వెలుగుంటే దాని లెక్కలో ఇంకా ఎండాకాలమే, కాబట్టి ఆకు వేస్తూ పైకి పోతుంది. వ్యాపారం కోసం పెంచేవాళ్లు పూత వెనక్కి జరపడానికి కావాలనే రాత్రిళ్లు లైట్లు వేస్తారు. గోడ మీద రెండు కర్రలు నిలిపి గోనెపట్టా కట్టాను. కొద్ది వారాల్లో మొగ్గ కనిపించింది.

మార్గశిరం, లక్ష్మివారాలు

మా ఇంట్లో మార్గశిర లక్ష్మివారం పూజ, ఎదురింటి ఒడియా వాళ్లకి అదే మాణబసా గురుబార్. వాళ్ల గుమ్మంలో బియ్యప్పిండితో వేసే ఝోటి ముగ్గు, మా గుమ్మంలో ముగ్గు. పూలు మాత్రం రెండిళ్లకీ ఈ మడిలోవే. చీకటుండగానే ఎదురింటి మౌసీ గేటు చప్పుడు చేసి, "బొహూ, ఫులొ అఛి?" అంటుంది, కోడలా, పూలున్నాయా అని.

ఉన్నాయి మౌసీ, కావలసినన్ని. ఎక్కడ కోయాలో మాత్రం నేను చూపిస్తాను. కాడ పొడుగ్గా, కింద ఒక ఆకుల జత మీద కోస్తే అక్కడి నుంచి రెండు కొమ్మలు వస్తాయి, మొక్క ఎత్తు కూడా తగ్గుతుంది. పువ్వు తల మాత్రం తుంచి కాడ వదిలేస్తే ఆ మోడు ఎండి తెగులుకి దారి. మౌసీ ఇప్పుడు నాకంటే బాగా కోస్తోంది.

గ్లాడియోలస్ గెలలు వల దాటి రెండడుగులు పైకి వచ్చాయి. వలని ఒకసారి పైకి జరపాలి. దండెని గుంజలకి ముడితో కట్టాను కదా, విప్పి జానెడు పైకి తీసి మళ్లీ కట్టడమే. ఇద్దరు కావాలి, ఆ చివర ఒకరు ఈ చివర ఒకరు, వంకర వస్తే గెలల మెడలు విరుగుతాయి. మా అబ్బాయి సెలవుల్లో వచ్చి అందుకు దొరికాడు.

పుష్యం

సంక్రాంతికి డేలియా నిండుగా ఉంది. పెద్ద పువ్వు కావాలంటే నడిమి మొగ్గ ఉంచి పక్క రెండూ గిల్లేయమంటారు. అలా చేసినవి అరచేతి కంటే పెద్దవి వచ్చాయి, వాటి మెడ కిందే ముడి వేయాల్సి వచ్చింది. గిల్లని మొక్కలకి పువ్వు చిన్నది, ఊత కూడా తక్కువ. నా వరకు గిల్లనివే నయం, వాకిట్లో పోటీ పెట్టుకునేవాళ్ల సంగతి వేరు.

పొద్దుతిరుగుడు విచ్చింది. మొగ్గగా ఉన్నన్నాళ్లూ పొద్దుతో పాటు తిరుగుతుంది, పూర్తిగా విచ్చాక తూర్పుకే మొహం పెట్టి ఆగిపోతుంది. మడి పడమటి గోడ వారన ఉండబట్టి పువ్వులన్నీ ఇంటివైపే చూస్తున్నాయి, కర్రలు వెనకవైపు కనపడకుండా ఉన్నాయి. గింజ పట్టేకొద్దీ తల వంచుతుంది. ఆ వంపు రోగం కాదు, మెడని పైకి లాగి కట్టకూడదు. కాండం సగం ఎత్తులో ఒక్క ముడి చాలు.

మాఘం

బంతి, కాస్మోస్ పీకేశాం. వాటి కర్రలు కడిగి ఎండలో పెట్టాను. తారు పూసినవి గట్టిగానే ఉన్నాయి, పూయకుండా వాడిన రెండిటికి అడుగున చెద పట్టింది. వల గోగునార అక్కడక్కడ పీచు లేచింది గానీ తెగలేదు. బద్దలు విప్పి అటక మీద పెడతాను, నార గెత్తం గోతిలోకి.

చేమంతిని నేలకి నాలుగంగుళాలు ఉంచి కోసేశాను, కింది పిలకలే వచ్చే ఏటి అంటు. డేలియా ఆకు పచ్చబడుతోంది, దుంప తీయడానికి ఇంకా టైముంది. కర్రల మీద రంగు పేర్లు మార్కర్‌తో రాసి ఉంచాను, పువ్వు రాలాక ఏది ఎర్రదో ఏది పసుపుదో దుంప చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

హోలీహాక్ నాలుగడుగులు దాటింది, కింది పువ్వులు విచ్చుతున్నాయి. దీనికి వేరు లోతు, మొదలంటా ఒరగదు. గెల పైభాగమే గాలికి ఊగుతోంది. రెండు చోట్ల కట్టాను, ఇంకొక అడుగు పెరిగితే మూడో ముడి కావాలి. నార అయిపోయింది, పాతపట్నం వెళ్లేవాళ్లెవరైనా ఉంటే చెప్పాలి. కింది ఆకుల అడుగున నారింజ రంగు తుప్పు మచ్చలు కనిపించాయి, ఆ ఆకులు తుంచి సంచిలో వేసి బయట పడేశాను. వాటిని మాత్రం గెత్తం గోతిలో వేయకూడదు.